అమ్మ తల మీద అయస్కాంతం

అమ్మకు పక్కటెముకల మీద సర్పి లేచింది. సర్పి తగ్గడానికని కుమ్మరి పెద్దాయన వచ్చి పొక్కుల చుట్టూ జాజుతో, ఆ ఎర్రమట్టితో, సింహాలు గీసి పోయాడు, పొక్కులు ఎండాయి, అందరూ చేతులు దులుపుకున్నారు. నొప్పి మాత్రం పోలేదు. రవికె గుడ్డ తగిలినా నిప్పు పెట్టినట్టు అరిచేది. పుంగనూరులో మా పెద్దనాయన, "మచ్చ గూడా లేదు, ఇంగ నొప్పి యాడుండాది? పని తప్పించుకోను నాటకాలు," అన్నాడు. మదనపల్లె డాక్టరు అదే మాటను ఇంగ్లీషులో అన్నాడు. వాళ్లిద్దరినీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, మాత్రలు మింగి మింగి అమ్మ కడుపు పాడయ్యాక, నేనే బెంగళూరు తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ అమ్మ మాట నమ్మింది. పుండు మానినా నరం దెబ్బతినే ఉందనీ, నొప్పి తెలిసేది మెదడుకే కాబట్టి తల మీద అయస్కాంతం పెట్టి చూద్దామనీ చెప్పింది. అందరికీ పనిచెయ్యదనీ, చేసినా మళ్లీ మళ్లీ రావాలనీ దాచకుండా చెప్పింది. చిన్నమ్మ ఇంట్లో ఉంటూ రోజూ పోయాం. కుర్చీలో కూర్చోబెడితే యంత్రం టకటకమనేది. "వడ్రంగి పిట్ట పొడస్తా ఉండాది," అని అమ్మ నవ్వింది. కొన్నాళ్లకు రవికె వేసుకుని, కొంగు నిండుగా కప్పుకుని బస్సెక్కింది. నేను ఏడ్చేశాను.

ఈ సంగతి పెద్దనాయన చెవిన పడింది. నొప్పి పక్కలో, వైద్యం తలకా? అయితే పిచ్చే, అని తేల్చి మా నాయనకు చెప్పాడు. అప్పుడే నాకు కుప్పం సంబంధం మాటల్లో ఉంది. నాయన నన్ను అడగలేదు, అమ్మనూ అడగలేదు. "తల్లికి మతి సరిగ్గా లేదంటే పిల్లనెవురు చేసుకుంటారు? ఇంగ బెంగళూరు వద్దు," అన్నాడు. నేను కొట్లాడాను. అమ్మే నా నోరు మూయించింది. నొప్పి తిరిగొచ్చింది. నా పెళ్లిలో అమ్మ పట్టు రవికె తొడుక్కుని, తలంబ్రాలు అయ్యేదాకా పళ్లు బిగబట్టి నిలబడింది. ఆ ఫోటోలు నేను చూడను.

మరుసటేడు కుప్పంలో మా అత్త, "మీయమ్మ యాల అట్ల ఒరిగి కూసుంటాది?" అని అడిగితే అంతా చెప్పేశాను. ఆమె నోరు తెరిచింది. "ఇందుకా దాచినారు? మా తమ్మునికి ఫిట్సొస్తే ఆ ఆస్పత్రికే గదా తిప్పతాండాము! చెప్పుంటే మేమే తోడొచ్చేవాళ్లం గదమ్మా."

అప్పటికప్పుడే నాయనకు ఫోన్ చేశాను. అంతా విని, "పోనీలేమ్మా, పెండ్లి బాగా జరిగింది గదా," అన్నాడు. వెనక నుంచి అమ్మ మూలుగు వినిపిస్తూనే ఉంది.

"పొద్దున బస్సుకు వస్తాండా. అమ్మను బెంగళూరికి తీసకపోతా. నిన్ను అడగడంలే, చెప్తాండా," అని ఫోన్ పెట్టేశాను.