మన డాక్టరే అడిగితే

శ్యామసుందరి ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి వచ్చి పంతొమ్మిదేళ్లయింది. భర్త పోయాడు, కూతురు ఉద్యోగానికి మెల్‌బోర్న్ వెళ్లింది. పెర్త్ శివారు హారిస్‌డేల్‌లోని ఇంట్లో ఆమె ఒక్కతే. ఆసుపత్రిలో రోగుల మీద ఏ పరిశోధన చేయాలన్నా ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఆ కమిటీ ఆఫీసులో ఆమె ఉద్యోగం. ఆ నియమాలను నర్సులకు, డాక్టర్లకు ప్రతి బుధవారం పాఠంగా చెబుతుంది. ఇరవై కుర్చీలు వేస్తే ఐదారుగురు వస్తారు, అందులో ఇద్దరు శాండ్‌విచ్‌ల కోసం.

మార్చిలో ఒకరోజు పాఠం అయ్యాక సుగుణ అనే నర్సు ఆగిపోయింది.

"ఆంటీ, మా వార్డులో ఒక డాక్టర్ అప్రూవల్ లేకుండానే పేషెంట్స్ దగ్గర సంతకాలు తీసుకుని రీసెర్చ్‌కి వివరాలు రాసుకుంటున్నారు. కోటమ్మగారని ఒకావిడ, 'మన డాక్టరే అడిగితే కాదనలేకపోయాను, వద్దంటే మందులు సరిగ్గా ఇవ్వరేమో' అంది."

"ఎవరా డాక్టర్?"

సుగుణ తటపటాయించి, "ద్వారకానాథ్‌గారు" అంది.

నాలుగేళ్లుగా ఆదివారం శ్యామసుందరి భోజనం ద్వారకానాథ్ ఇంట్లోనే. ఆయన భార్య శాంతి ఒక్కతే ఆమెకు తెలుగులో మనసు విప్పి మాట్లాడే మనిషి.

మర్నాడు ఆసుపత్రిలో ద్వారకానాథ్ గదికి వెళ్లి ఆ సంతకాల సంగతి అడిగింది.

"నాలుగు క్వశ్చన్స్ అడిగితే ఎవరికి నష్టం, సుందరిగారూ? ఈ ఒక్కసారికి వదిలేయండి."

"కోటమ్మగారు భయపడి సంతకం పెట్టిందండీ. ఇవాళే కమిటీకి రాస్తున్నాను. ముందు మీకు చెబుదామని వచ్చాను."

"మా ఇంటి మనిషనుకున్నాను మిమ్మల్ని" అన్నాడాయన.

ఆ ఆదివారం భోజనానికి రమ్మని ఫోన్ రాలేదు. తర్వాతి వారం ఆమే చేస్తే, బిజీగా ఉన్నామని శాంతి మెసేజ్ పెట్టింది. శ్యామసుందరి ఒక కూర వండుకుని మూడు రోజులు తినేది. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం దాకా ఒక్కోసారి నోరు విప్పే పనే ఉండేది కాదు.

ద్వారకానాథ్ దరఖాస్తు పెట్టుకున్నాక జూన్‌లో కమిటీ అనుమతి ఇచ్చింది. ముందు సంతకాలు తీసుకున్న పాత కాగితాలు వాడకూడదంది. వైద్యం చేసే డాక్టర్ కాకుండా మరొకరు వెళ్లి అడగాలంది. ఈసారి కోటమ్మ అంతా విని, "నాకొద్దమ్మా" అంది. ఆమె వైద్యంలో ఏ తేడా రాలేదు. సుగుణ ఆ మాట చెప్పినప్పుడు శ్యామసుందరికి కళ్లు తడిశాయి.

ఆ శనివారం షాపులో శాంతి ఎదురైంది. "బాగున్నారా" అంది, జవాబు కోసం ఆగలేదు. శ్యామసుందరి కారులో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేదు. తర్వాత ఇంటికెళ్లి, తమకు వైద్యం చేసే డాక్టర్‌కి కాదని చెప్పలేని రోగుల గురించి బుధవారం పాఠంలో ఒక పేజీ చేర్చింది.