మచ్చ లేని ఫిలిం

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను వానపామును చూసి రైలొచ్చిందని చెప్పే రకం. మా ఆవిడ నా మాటల్లో సగం కొట్టేసి, మిగతా సగాన్ని అనుమానంగా వింటుంది. ఆ గుణం చివరికి మా అమ్మాయి కాళ్ల మీదికొచ్చింది.

ఏడేళ్ల పిల్ల. పొద్దున్నే మా ఊరు కోటబొమ్మాళిని మూడుసార్లు చుట్టొచ్చేది. సాయంత్రమయ్యేసరికి పాదం లోపలికి మెలిపడి, గోడ పట్టుకుని పీతలా పక్కకి నడిచేది. డాక్టర్లేమో పొద్దున్నే చూస్తారు. వాళ్ల ముందు ఒలింపిక్స్‌కి పంపొచ్చన్నట్టు పరిగెత్తేది. "సాయంత్రానికి నడవలేదండీ" అని నేనంటే, పిల్లని వదిలేసి నన్ను పరీక్షగా చూసేవారు.

ఆఖరికి ఒకాయన విజయనగరంలో మెదడు స్కాన్ తీయించమన్నాడు. రైస్‌మిల్లూ రోడ్డు రోలరూ కలిసి కాపురం పెట్టినట్టు మోగిందా యంత్రం. మత్తులో పిల్ల హాయిగా పడుకుంది. అదిరింది నేను.

తిరుగు రైల్లో మా అక్క మొగుడు ఫిలింని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టాడు. పెట్టెలో ఉన్నవాళ్లంతా క్షణంలో నరాల వైద్యులైపోయారు.

"ఒరే, ఈ నల్లదేట్రా?"

"నీ బొటనేలు బావా. తియ్యి."

పల్లీలమ్మే ఆవిడ కూడా తొంగి చూసి, "కాలికి బాగోపోతే తలకాయ ఫోటో ఏటి బాబూ?" అంది. ఆ పెట్టెలో తెలివైన మాట అదొక్కటే.

రిపోర్టులో మాత్రం మెదడు శుభ్రంగా ఉందని రాశారు. స్టేషన్లో దిగగానే ఊరందరికీ మిఠాయి పంచాను.

"మచ్చే లేకపోతే ఇంక రోగమేట్రా? పిల్ల నటిస్తన్నాది. నీ కూతురే కదా!" అన్నాడు బావ. ఆ రోజు నుంచి సాయంత్రాలు పిల్ల గోడ పట్టుకుంటే ఎవరూ చెయ్యందించలేదు.

నెల తర్వాత, పిల్లల నరాల డాక్టరమ్మ దగ్గర నేను మళ్లీ నా పీత పురాణం విప్పాను.

"ఈయన మాటలు సగానికి సగం కోసి ఇనండమ్మా" అంది మా ఆవిడ.

"అక్కర్లేదు. పొద్దున్న బాగుండి, సాయంత్రానికి మెలిపడే జబ్బొకటుంది. దానికి స్కాన్ శుభ్రంగానే వస్తుంది. మచ్చ లేదంటే జబ్బు లేదని కాదు" అందావిడ.

నా మాట కోత లేకుండా నమ్మిన తొలి మనిషి. నాకే భయమేసింది.

మాత్రలో చిన్న ముక్క ఇచ్చి చూడమంది. కొన్నాళ్లకి, దీపాలు పెట్టే వేళ, పిల్ల వీధిలోంచి పరిగెత్తుకొచ్చి బావ కాలు తొక్కేసింది. "సచ్చాన్రా దేవుడో!" అన్న కేక భోగాపురంలో విమానాలు దిగే చోటికి కూడా వినబడి ఉంటుంది.

ఇందులో అచ్చంగా కల్పించింది మిఠాయి ఒక్కటే. ఆ రోజు నేనెవరికీ ఏమీ పంచలేదు. వేలు పెట్టి చూపించడానికి ఒక్క మచ్చైనా ఉండకూడదా అని, నా కూతురి తలలో, ఆశపడి వెతుక్కున్నాను.