తారుమారైన చెరువు నంబర్లు

నాలుగేళ్ల క్రితం మొగల్తూరు దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటరుగా కొత్తగా చేరాను. వచ్చిన సరుకు ఏ చెరువుదో కంప్యూటర్లో ఎక్కించి, పెట్టెలకు లేబుళ్లు తీయడం నా పని.

ఒకరోజు ల్యాబు నుంచి కబురొచ్చింది. ఏడో నంబరు చెరువు దగ్గరే తీసిన రొయ్యల్లో మందుల అవశేషాలున్నాయట. మేనేజరు గారు కంప్యూటర్లో చూసి ఆ పెట్టెలను పక్కన పెట్టించారు. మిగతావి కాకినాడ పోర్టుకు వెళ్లే కంటైనర్లోకి ఎక్కుతున్నాయి. ఎందుకో అనుమానమొచ్చి సరుకు వచ్చినప్పుడు గేటు దగ్గర రాసిన చీటీలు తీసి చూశాను. ఒకటినీ ఏడునీ నేను తారుమారుగా ఎక్కించాను.

ఉద్యోగం పోతుందనుకున్నాను. అయినా మేనేజరు గారి దగ్గరికి వెళ్లి, "సార్, తప్పు నాదేనండి. మంచి పెట్టెలు ఆపేసి, చెడ్డవి పంపుతున్నామండి" అన్నాను.

ఆయన ముందు లోడింగ్ ఆపించారు. తర్వాత, "అవి ఏ పెట్టెలో చెప్పగలవా అమ్మా?" అన్నారు.

వెతికితే, ఒకటో చెరువువని నేను ఎక్కించిన పద్దెనిమిది పెట్టెల నంబర్లూ కంప్యూటర్లో దొరికాయి. కూలీలు వాటిని దించేశారు.

"ఇకనుంచి కంప్యూటర్లో ఎక్కించే నంబరు పక్కవాళ్లకి చదివి వినిపించమ్మా" అన్నారాయన, అంతే.

ఇప్పుడు ఆ సెక్షన్ నేనే చూస్తున్నాను. కొత్తవాళ్లెవరైనా తప్పు చేశానని వస్తే, ముందు కూర్చోమంటాను.