ఒక్క కుర్చీ గది

కళ్లజోళ్ల షాపులో అతని పని చూపు పరీక్షించడం. వెనకవైపు చిన్న చీకటిగదిలో, ఎదురుగా కూర్చున్న మనిషి ముక్కు మీద బరువైన లోహపు ఫ్రేము పెట్టి, ఒక్కో అద్దం వేస్తూ తీస్తూ, "ముందుదా బాగుంది, ఇప్పటిదా?" అని అడుగుతాడు. ఏళ్ల తరబడి అదే ప్రశ్న. ఎవరైనా తేల్చుకోలేకపోతే విసుక్కోడు. "తొందరేం లేదండీ, మళ్లీ చూడండి" అంటాడు. అతను రాసిచ్చిన అద్దాలు బాగాలేవని వెనక్కి వచ్చేవాళ్లు చాలా అరుదు.

ఇంట్లో అతనూ అక్కా ఇద్దరే. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. అక్క అతనికంటే బాగా పెద్దది. అమ్మ పోయాక అతనికి తలదువ్వడం దగ్గర్నుంచి ఉద్యోగంలో చేర్పించడం దాకా అన్నీ ఆవిడే చూసుకుంది. పెద్దాసుపత్రిలో, ప్రాణం మీదికి వచ్చిన పిల్లల్ని ఉంచే వార్డులో ఆవిడ నర్సు. అక్కడ ప్రతి మంచం పక్కనా ఒక మెషీను కూస్తూ ఉంటుంది. "డ్యూటీ దిగినా చెవుల్లో అవే కూస్తుంటాయిరా" అనేది. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విడిచి, సోఫాలో దిండు వేసుకుని, వాచిన కాళ్లు చాపుకుని, "ఏదో ఒకటి పెట్టు" అనేది.

ఏదో ఒకటి అంటే పాత సినిమా పాటలు. పెట్టెలాంటి చవకరకం సీడీ ప్లేయరు, దాని స్పీకరు మీది గుడ్డ ఓ మూల చిరిగిపోయింది. పాట నడుస్తుండగానే వార్డు కబుర్లు, షాపు కబుర్లు. మూడో పాటకి అక్కకి నోరు తెరుచుకుని నిద్రపట్టేసేది. తమ్ముడు సౌండు తగ్గించి వంటగదిలోకి వెళ్లేవాడు.

ఆ ప్లేయరు ఒకరోజు నత్తి మొదలుపెట్టింది. పాడిందే పాడసాగింది. బాగుచేయించడానికి ఎవరో చెబితే వైర్ల మామయ్య దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన టెలిఫోను ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఒక సెల్లారులో పాత, కొత్త సౌండు సామాన్లు అమ్ముతుంటాడు. ఊళ్లో అందరికీ మామయ్యే. ప్లేయరుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని బాగుచేయడం దండగ. కూర్చో, ఒకటి వినిపిస్తా" అన్నాడు.

పెట్టింది అతనికి చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చిన పాటే. కానీ పల్లవికి ముందు పాడే ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ఎవరో తన వెనకే వచ్చి నిలబడ్డట్టు అతను ఉలిక్కిపడ్డాడు.

ఇంటికి పరుగున వచ్చి, "అక్కా, ఆవిడ పాట ఎత్తుకునే ముందు ఊపిరి పీల్చుకుంటుంది తెలుసా?" అన్నాడు.

"పీల్చుకోకపోతే బతికేదెట్లారా?" అంది అక్క.

మామయ్య దగ్గర స్పీకర్ల జత కొన్నాడు. వాటిని చూసి అక్క, "ఇవేంటి, బీరువాలా?" అంది గానీ, పాట మొదలయ్యాక సోఫాలో లేచి కూర్చుంది. ఆ సాయంత్రం ఆవిడకి నిద్ర రాలేదు. పాట మీద పాట పెట్టించుకుంది. "మనింటికొచ్చి పాడినట్టుందిరా" అంటూ పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది. ఇద్దరూ తినడం కూడా మరిచిపోయారు. అక్కడితో ఆగి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు.

"స్పీకర్లు మంచివే. వాటికి తగ్గ యాంప్లిఫయరు లేదు. ఆకలిగా ఉన్నవాడికి చెంచాతో పెట్టినట్టుంది" అన్నాడు మామయ్య ఓసారి. యాంప్లిఫయరు వచ్చింది. అది రాగానే ప్లేయరు పేదగా కనిపించింది. ప్లేయరు మార్చాక వైర్లు సన్నబడిపోయినట్టు తోచింది. వైర్ల తర్వాత స్పీకర్ల కింద ఇసుక నింపిన స్టాండ్లు. ఒకటి మారగానే దాని పక్కది వెలవెలబోయేది. కొత్తది వచ్చిన కొన్నాళ్లు అతని ముఖం వెలిగిపోయేది. ఆ తర్వాత చెవి తనంతట తానే వంకలు వెతకడం మొదలుపెట్టేది. ఇక నిద్రలో కూడా ఆ వంకే.

ఒంటరిగా వినడం అతనికి చేతకాదు. తేడా చెప్పడానికి ఒక మనిషి కావాలి.

"అక్కా, ఇది విను." కాసేపయ్యాక స్పీకరు వెనక్కి వంగి వైరు మార్చేవాడు. "ఇప్పుడు?"

"బాగుంది."

"ఏది? ముందుదా, ఇప్పటిదా?"

"రెండూ బాగున్నాయి."

"అలా కాదు. తొందరేం లేదు, మళ్లీ విను."

"ఒరేయ్, నేను అద్దాల కోసం నీ షాపుకి రాలేదురా. డ్యూటీ దిగి నా ఇంటికి వచ్చాను."

తమ్ముడు నవ్వేసి, మళ్లీ వైరు మార్చేవాడు. అక్క కూడా నవ్వేది, మొదట్లో. పోనుపోను ఏది అడిగినా "ఇప్పటిదే" అనడం నేర్చుకుంది. అలా అంటే తొందరగా వదిలేస్తాడని.

ఒక ఆదివారం మామయ్య స్వయంగా ఇంటికి వచ్చాడు. గది నాలుగు మూలలా నిలబడి చప్పట్లు కొట్టి, ఆ మోత విని తల అడ్డంగా ఊపాడు. "సోఫా శబ్దాన్ని తాగేస్తోంది. పైగా గోడకి ఆనించారు. మీరు కూర్చోవాల్సింది ఇక్కడ" అంటూ టేపుతో కొలిచి నేల మీద సుద్దతో గుర్తు పెట్టాడు. రెండు స్పీకర్ల పాటా సరిగ్గా అక్కడ కలుస్తుంది. జానెడు పక్కకి జరిగితే గొంతు ఒకవైపుకి ఒరిగిపోతుంది. అక్కడ ఒక్క కుర్చీయే పడుతుంది.

అక్కని అడిగాడు. అడగడమంటే, అప్పటికే నిశ్చయించుకున్నాక అడిగే అడగడం. "సోఫా కింది ఇంటివాళ్లకి ఇచ్చేద్దామక్కా. కుర్చీలో నేనొక పాట వింటాను, తర్వాత నువ్వొకటి విను. వంతులు వేసుకుందాం."

"వంతులేంటిరా, ఇదేమన్నా వీధి కుళాయా?"

సోఫా కిందికి వెళ్లింది. కిటికీలకి మందపాటి తెరలు వచ్చాయి. పాట నడిచేటప్పుడు ఫ్యాను ఆపేవాడు, దాని గాలి చప్పుడు అడ్డొస్తోందని. ఫ్రిజ్జు కూడా ఆపేవాడు. మళ్లీ వేయడం మరిచిపోయి ఎన్నోసార్లు పాలు విరిగాయి. అక్క తన వంతు ఎప్పుడూ అడగలేదు. వంటగదిలో స్టూలు మీద కూర్చుని, కాళ్లు ఇంకో స్టూలు మీద పెట్టుకుని, కూరగాయలు తరుక్కుంటూ వినేది. కొన్నాళ్లకి వంటగది తలుపు దగ్గరికి వేసుకుంది. తమ్ముడికి అది మంచిదే అనిపించింది. గిన్నెల చప్పుడు తగ్గింది.

ఒక సాయంత్రం అక్క ఆలస్యంగా వచ్చింది. చెప్పులు విప్పకుండానే గోడ పట్టుకుని నిలబడింది.

"కిటికీ పక్క మంచం పిల్ల పోయిందిరా" అంది. "పొద్దున బొమ్మకి కూడా మాస్కు కట్టమని మంకుపట్టు పట్టింది. కట్టాను. వాళ్ల నాన్నకి నేనే చెప్పాల్సొచ్చింది."

తమ్ముడు గబుక్కున లేచి, ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, సుద్ద గుర్తు మీది కుర్చీలో కూర్చోబెట్టాడు. మంచినీళ్లు ఇచ్చాడు. ఆవిడకి ఇష్టమైన పాట వెతికి పెట్టాడు. అక్క కళ్లు మూసుకుంది.

మొదటి చరణం సగంలో ఉండగా ఎడమ స్పీకర్లో ఈగ ముసిరినట్టు జుమ్మని సన్నటి మోత వినిపించింది. అతను ఆపుకోవాలనే చూశాడు. ఆగలేకపోయాడు. "ఒక్క నిమిషం అక్కా" అని పాట ఆపి, వెనక వైరు బిగించి, మొదట్నుంచి పెట్టాడు. మళ్లీ అదే చోట అదే మోత. మళ్లీ ఆపాడు. మోకాళ్ల మీద కూర్చుని స్క్రూలు తిప్పుతూ, "ఇప్పుడు పోయింది కదూ? నీకూ వినపడిందా ఇందాక?" అంటూ వెనక్కి తిరిగితే కుర్చీ ఖాళీగా ఉంది.

అక్క వంటగదిలో సింకు దగ్గర నిలబడి ఉంది. కుళాయి విప్పి ఉంది గానీ ఆవిడ ఏమీ కడగడం లేదు.

"రా అక్కా, సరిచేసేశాను."

"ఇవాళ వద్దులేరా."

కోప్పడి ఉంటే అతనికి తెలుసు ఏం చేయాలో. కాళ్లు పట్టుకుని బతిమాలేవాడు, నవ్వించేవాడు. ఆవిడ కోప్పడలేదు. కుళాయి కట్టేసి, తన గదిలోకి వెళ్లి పడుకుంది.

నెల తిరక్కుండానే చెప్పింది. "హాస్పిటల్ క్వార్టర్స్‌లో గది ఖాళీ అయింది. సీనియర్లకి ఇస్తామని ఎప్పట్నుంచో అడుగుతున్నారు. ఈసారి సరేనన్నాను."

"ఎందుకక్కా? ఇక్కడేం తక్కువైంది?"

అక్క గదంతా ఓసారి చూసింది. తెరలు, స్టాండ్లు, నేల మీద పాముల్లా పాకిన వైర్లు. "తక్కువేం లేదురా. ఎక్కువైంది" అంది. అతని మొహం చూసి మళ్లీ తనే, "మోకాళ్లు కూడా పోయాయి కదా, ఈ మెట్లెక్కలేకపోతున్నా" అని ఒక సాకు చేతిలో పెట్టింది. అతను దాన్నే పట్టుకున్నాడు. ట్రంకు పెట్టె తనే మోసి ఆటో ఎక్కించాడు.

ఆ తర్వాత అతను కొన్నవే పెద్దవి. భుజం ఎత్తు స్పీకర్లు వచ్చాయి. ఖాళీ అట్టపెట్టెలు అక్క గదిలో పేర్చాడు. కొత్తవి బిగించిన రోజున కుర్చీలో కూర్చుని విన్నాడు. పాతవి తగిలించి విన్నాడు. ముందుదా, ఇప్పటిదా అని అడగడానికి ఎవరూ లేరు. తనని తానే అడుక్కున్నాడు. తెలియలేదు. పాట సగంలో ఆపి ఇంకొకటి, అది సగంలో ఆపి మరొకటి. ఏదీ చివరిదాకా వినలేదు. కుర్చీలోనే కునుకు పట్టేది. లేచేసరికి మెడ పట్టేసేది. మర్నాడు షాపుకి ఆ మెడతోనే వెళ్లేవాడు.

ఒకరోజు షాపుకి ఒక ముసలావిడ వచ్చింది. అద్దం మార్చి అడిగాడు. "రెండూ ఒకలాగే ఉన్నాయి బాబూ" అంది.

"మళ్లీ చూడండమ్మా, తొందరేం లేదు."

"నీకు లేదు, నాకుంది. బయట మా ఆయన ఒక్కడే కూర్చున్నాడు. మనిషి మొహం ఆనుతోంది, మెట్టు ఆనుతోంది. ఏదో ఒకటి రాసెయ్ నాయనా."

ఆవిడ మామూలుగానే అంది. అలాంటి మాటలు అతను ఎన్ని వినలేదు! కానీ ఆ పూట చేతిలోని అద్దం బండరాయంత బరువనిపించింది. ఆ ప్రశ్న ఇంకొక్కసారి అడగాలంటే నోరు రాలేదు. రాసిచ్చి పంపించాడు. షాపు మూశాక ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. కాళ్లు క్వార్టర్స్ వైపు తిరిగాయి.

అక్క గది చాలా ఇరుకు. ఒక ఇనపమంచం, ఆసుపత్రి దుప్పట్లు ఆరేసిన పెరటివైపు కిటికీ. ఆవిడ టబ్బులో వేడినీళ్లు పోసుకుని కాళ్లు పెట్టుకుని కూర్చుంది. "రారా, మంచమ్మీద కూర్చో" అంది, నిన్నే కలిసినట్టు. పక్క గదిలో ఎవరో ఫోనులో పాట పెట్టుకున్నారు. రేకుడబ్బాలో గులకరాళ్లు వేసినట్టుంది. అతను నోరు తెరిచి, మూశాడు.

"అనెయ్" అంది అక్క. "లేకపోతే కడుపుబ్బుతుంది."

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే తల దించుకున్నాడు. "నేను వినలేకపోతున్నానక్కా. పాట పెడితే పాట వినపడట్లేదు. సామాను వినపడుతోంది."

"అయితే తీసేయ్."

"తీసేసి చిన్నవి పెట్టుకున్నా వినలేను. చెవి పాడైపోయింది."

"చెవి బానే ఉంది. నువ్వే అలిసిపోయావు. కొన్నాళ్లు ఏమీ వినకు."

"ఇంటికొచ్చెయ్యక్కా. సోఫా కొంటాను" అన్నాడు.

అక్క కాళ్లు ఒక్కోటే తీసి తువ్వాలుతో తుడుచుకుంది. "రానురా. నీ మీద కోపం లేదు. ఇక్కడ నాకు హాయిగా ఉంది. ఎవరో ఒకరు సూదికో సబ్బుకో తలుపు తడుతుంటారు. సెలవురోజు వస్తాలే."

భుజమెత్తు స్పీకర్లు మామయ్యకే తిరిగిచ్చేశాడు. మామయ్య ఎవరో పోయినట్టు మొహం పెట్టి తీసుకుని, అంతలోనే, "పోనీ ఇది విను" అంటూ ఇంకో పెట్టె విప్పాడు. అతను తలుపు పిడి మీద చెయ్యి వేసి నిలబడే విన్నాడు. బాగుంది. కొనకుండా వచ్చేశాడు. తర్వాతి నెలలో వెళ్లి కొన్నాడు. అక్కకి చెప్పకూడదనుకున్నాడు, చెప్పేశాడు.

"ఎలా ఉంది?" అంది.

"కొంచెం తేడా ఉంది."

"ఉండనీ."

సెలవురోజు అక్క వచ్చింది. మెట్లకి ఆయాసపడుతూ, మధ్యలో రెండుచోట్ల ఆగుతూ. అతను గోడ వారగా పరుపు వేసి, తెర పక్కకి లాగి, ఫ్యాను పెట్టాడు. డిస్కు వేసి ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నాడు. అక్కడికి పాట సగమే వస్తుంది, అదీ వంకరగా. రెండుసార్లు లేవబోయి ఆగాడు. అక్క కొత్తగా చేరిన నర్సు గురించి చెబుతోంది. ఆ అమ్మాయికి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయట, అయినా ఉద్యోగం మానదట. "మరేం చేస్తుంది?" అని అడిగాడు. "ముందే గోడకి ఆనుకుని నిలబడుతుంది" అంది అక్క. అక్కడ్నుంచి రిటైర్మెంటు, మోకాళ్లు, పెరట్లో దుప్పట్లు ఎత్తుకుపోయే కోతులు.

"ఏంటి, పాట ఆపేశావా?" అంది అక్క ఉన్నట్టుండి.

అతను అటు చూశాడు. డిస్కు ఎప్పుడో అయిపోయి, యాంప్లిఫయరు మీద ఎర్రదీపం ఒక్కటే వెలుగుతోంది. "అదే అయిపోయినట్టుంది. మళ్లీ పెట్టనా?"

"వద్దులే. టీ పెట్టు. చక్కెర తక్కువ."

అతను నేలకి చెయ్యి ఆనించి, మోకాలు కలుక్కుమంటే అమ్మా అనుకుంటూ లేచి, వంటగదిలోకి వెళ్లాడు.