బల్లకూ గోడకూ మధ్య

దయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. నా ఉద్యోగం నమ్మనివ్వలేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, డిజిటల్ కెమెరాలు ఇంకా పూర్తిగా రాని రోజుల్లో, తెనాలిలో ఒక కలర్ ల్యాబులో ప్రింట్లు తీసేవాణ్ణి. ‘ఫోటోలో దయ్యం పడింది’ అంటూ అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వచ్చేవారు.

తెల్లటి గుండ్రటి మచ్చలంటే ఫ్లాష్ వెలుగు పడ్డ దుమ్ము. ఎర్రటి చార అంటే కెమెరా మూత సరిగ్గా పడక లోపలికి దూరిన ఎండ. ఒకే మనిషి రెండు చోట్ల ఉంటే రీలు తిరగలేదన్నమాట. కొలకలూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, చనిపోయిన తమ్ముడనుకుని దాచుకున్న నీడ లెన్సుకు అడ్డొచ్చిన కెమెరా తాడని నేను చెబితే, కోపంగా లేచి వెళ్ళిపోయాడు.

ఒక మధ్యాహ్నం రేపల్లె నుంచి డేవిడ్ అనే ఆయన వచ్చాడు. ఆయన చెల్లెలు శాంతకు బాపట్ల సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు మొదటి భార్య జబ్బు చేసి పోయింది. నిశ్చితార్థం రోజు రేపల్లెలో తమ ఇంట్లో తీసిన ఫోటోనూ దాని నెగెటివ్‌నూ నా ముందు పెట్టాడు.

వీపు ఆనుకునే చెక్కబల్ల మీద శాంత కూర్చుని ఉంది. ఆమె వెనక ఒక ఆడమనిషి ఆకారం. పొగలా పలచగా ఉంది. మొహం తెలియడం లేదు. పమిట అంచు, శాంత భుజం మీద వేసిన చెయ్యి మాత్రం తెలుస్తున్నాయి. ఆ ఆకారంలోంచి వెనక గోడ కనిపిస్తోంది.

“పెళ్ళికొడుకు వాళ్ళమ్మగారు ఇది చూసి, మా పాత కోడలే వచ్చిందంటున్నారండి. పెళ్ళి వద్దంటున్నారు. చెల్లెలు అన్నం ముట్టట్లేదు,” అన్నాడు.

ఫ్లాష్ పనిచెయ్యక, కెమెరా స్టాండు మీద పెట్టి తీశారట. నాకు విషయం అర్థమైపోయింది. వెలుతురు చాలనప్పుడు షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతారు. ఆలోగా వెనక ఎవరైనా నిలబడి తప్పుకుంటే ఇలాగే పలచగా పడతారు.

చెప్తే నమ్మరని, ఆదివారం కెమెరా తీసుకుని రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. రెండు కుటుంబాలవాళ్ళూ ఉన్నారు. అదే గది, అదే బల్ల. బల్లను కాస్త ముందుకు జరిపించి శాంతను కూర్చోబెట్టాను. వాళ్ళ పిన్నిని వెనక నిలబడి, నేను చెప్పగానే తప్పుకోమన్నాను. మరుసటి వారం ప్రింటు పట్టుకెళ్ళాను. పిన్ని పొగలా పడింది.

పెళ్ళికొడుకు తల్లి రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

“అంతేనంటావా నాయనా?”

“అంతేనండి. ఆ రోజూ ఎవరో వెనక నిలబడి ఉంటారు.”

“పిల్లని ఊరికే ఏడిపించాను,” అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆ నెలలోనే బాపట్ల చర్చిలో పెళ్ళయింది.

నెగెటివ్ నా దగ్గరే ఉండిపోయింది. ల్యాబుకు వచ్చేవాళ్ళకు చూపించడానికి బాగుంటుందని కొన్నాళ్ళకు పెద్దసైజులో ప్రింటు తీశాను. తడి ఆరకముందే దాన్ని దీపం కిందికి జరిపి చూశాను. ఫోటోలో బల్ల గోడకు ఆనుకుని ఉంది. మధ్యలో నిలబడడానికి చోటు లేదు. చోటు చేసింది నేను, ఆ ఆదివారం నాడు.

నెగెటివ్‌లో దానికి అటూ ఇటూ ఉన్న ఫ్రేములు చూశాను. ఒకదాని మీద ఒకటి పడలేదు. ఇంకే ఫ్రేములోనూ ఆ ఆకారం లేదు. గోడకు అద్దమైనా లేదు. కూర్చోబుద్ధి కాక, ఏదో పని పెట్టుకుని డేవిడ్ ఇంటికి వెళ్ళాను. సున్నం గోడ మీద, బల్ల ఎన్నో ఏళ్ళుగా రాసుకున్న గీత ఉంది.

ఏమీ లేదని నేనే మాటిచ్చి ఆ పిల్లను అత్తారింటికి పంపాను. బాపట్ల పేరు వింటే చాలు, లోపల ఏదో గుచ్చుకునేది. ఏడాదిన్నర తర్వాత బాపట్ల బస్టాండులో శాంత కనిపించింది. చంకలో పాప. మొహం కళకళలాడుతోంది. అయినా ఉండబట్టలేకపోయాను.

“నీకొక మాట చెప్పాలమ్మా...”

“బల్ల సంగతేనా అన్నయ్యగారూ?” అంది. “మీరు జరిపించినప్పుడే నాకు తెలిసింది. నిశ్చితార్థం రోజు అది గోడకే ఉంది. నా జడకు సున్నం కూడా అంటింది.”

“మరి అప్పుడే చెప్పలేదేం?”

“చెబితే మా అత్తయ్యగారు ఒప్పుకునేవారా?” అని నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. “ఫోటో తీసేటప్పుడు భుజం మీద చెయ్యి వేసినట్టు బరువు తెలిసిందండి. మా పిన్ని అనుకుని తిరిగి చూడలేదు.”

ఇంతలో ఆమె బస్సు వచ్చింది.

ఆ తర్వాత కూడా దయ్యం ఫోటోలంటూ జనం వచ్చారు. దుమ్మనీ, ఎండనీ, రీలనీ చెబుతూనే వచ్చాను. అవి నిజాలే. ఈ ఒక్క నెగెటివ్ మాత్రం అనుభవమున్న ఫోటోగ్రాఫర్లు ఇద్దరికి చూపించాను. చెరొక కారణం చెప్పారు. రెండూ ఆ బల్ల దగ్గరికి వచ్చేసరికి నిలబడలేదు. ఆమె వెనక ఎవరున్నారో, ఎలా ఉన్నారో నాకు ఇప్పటికీ తెలియదు.