అజీబ్ శాంతాబాయి

మా నాచారం వాడలో శాంతాబాయిని అందరూ అజీబ్ అనేవారు. లాతూరు వైపు మనిషి. రాష్ట్రాలు మళ్ళీ గీసినప్పుడు ఆ వైపంతా బొంబాయి రాష్ట్రంలో కలిసినా తను ఇక్కడే ఉండిపోయింది. కార్ఖానాలో సీసాలు కడిగేది, ఇంటికొచ్చి సగం మరాఠీలో కోళ్ళతో మాట్లాడేది. అజీబ్ అంటే వింత, మాకది తిట్టు కాదు. కుక్క పక్కన పిల్లి పడుకున్నా అజీబే, ఎండాకాలంలో వాన పడ్డా అజీబే. నవ్వుకుంటూ అనేవాళ్ళం.

భూషణం అన్న బిడ్డకు జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చిన రోజు అదే మాటను గొంతు తగ్గించి అన్నారు. వాళ్ళ గడప ముందు తడిసిన జొన్నరొట్టె ముక్క దొరికింది. శాంతాబాయి వేసిందని ఎవరో చెప్పారు. మధ్యాహ్నానికి అజీబ్ అనడం మానేసి, బాణామతి చేసిందన్నారు. చేతబడి చేసేవాళ్ళ పళ్ళు ఊడబీకితే మంత్రం పారదని నమ్మకం. భూషణం అన్న పటకారు పట్టుకొని ఆమె వాకిట్లోకి వచ్చాడు.

వాడ పెద్ద ఉమాపతి మామ ఆ ముక్కను ఆకులో పెట్టి ఆమె ముందుకు తోశాడు. అందులో ఏమీ కలపకపోతే తినమన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నక్కో. నేను తింటె పిల్లకే మల్ల తగుల్తది."

ఒప్పుకుందనుకున్నారు. ఇద్దరు ఆమె చేతులు విరిచి పట్టారు.

ఏడో తరగతిలో బడి మానిపించినప్పటి నుంచి నేను భూషణం అన్న ఇంటికి ఎదురుగా ఉన్న మా కిటికీ దగ్గర బీడీలు చుడుతూ కూర్చునేదాన్ని. ఆ పొద్దున అన్న భార్య తారామణి వదిన నీళ్ళకు పోయినప్పుడు, మంచంలో ఉన్న బిడ్డ చుట్టూ శాంతాబాయి ఆ రొట్టె తిప్పడం చూశాను. మగవాళ్ళ ముందు ఎన్నడూ నోరు తెరవలేదు. బీడీల చాట పక్కన పెట్టి శాంతాబాయి వాకిట్లోకి వచ్చాను.

"భూషణమన్నా, దిష్టి తీసిన ఉప్పు మీరు కూరల ఏస్కుంటరా?"

"ఏందే?"

"మనం ఉప్పు తిప్పుతం. ఆమె రొట్టె తిప్పింది. నేను జూసిన."

"గదే అజీబ్ అంటున్నం," అన్నాడు ఉమాపతి మామ. ఎవరూ నవ్వలేదు. పటకారు దిగలేదు.

బిడ్డను భుజాన వేసుకొని తారామణి వదిన జనంలోంచి వచ్చింది. రొట్టె ముక్కను మోరీలో పారేసి, శాంతాబాయి పక్కనే గడప మీద కూర్చుంది.

"పీకాల్నంటె మొదలు నా పళ్ళు పీకు," అంది మొగుడితో. "లేకుంటె రిక్షా తే. దవాఖానకు పోదాం. పిల్ల కాలిపోతున్నది."

పట్టుకున్నవాళ్ళు శాంతాబాయి చేతులు వదిలారు. భూషణం అన్న పటకారు చేతిలో ఉందన్న సంగతి కూడా మరిచి, ఉప్పల్ రోడ్డు వైపు ఉరికాడు.