లింగవ్వ చెప్పిన చదువు

లింగవ్వకు చదువు రాదు. అయినా గోదావరిఖనిలో పాలు మరవని పిల్లలకు చదువు చెప్పింది ఎవరంటే ఆమె పేరే చెప్పాలి. బొగ్గు గనిని మేం బాయి అంటాం. అరవైల చివర్లో మా బాయి పక్కనున్న పసిపిల్లల గదికి ఆమె ఆయా. బొగ్గులోంచి రాళ్లు ఏరే ఆడవాళ్లు పొద్దున పిల్లల్ని ఆమెకు అప్పగించి, షిఫ్టు అయ్యాక తీసుకెళ్లేవారు.

కొడుకు ఎల్లేశాన్ని ఆమె పదేళ్ల వయసులో బడిలో వేసింది. తనకన్నా చిన్నవాళ్ల మధ్య కూర్చోవడానికి సిగ్గుపడి వాడు కొన్నాళ్లకే బడి ఎగ్గొట్టాడు. మీసాలు రాగానే బాయిలో దిగాడు. తను ఆలస్యం చేయబట్టే వాడికి చదువు అంటలేదని లింగవ్వ నమ్మకం. అందుకే కూర్చోవడం వచ్చిన ప్రతి పిల్లకూ చదువు మొదలుపెట్టాల్సిందే అనేది. "మొక్కై వంగనిది మానై వంగుతదా?" అని ఆమె నోట వినని తల్లి ఆ బాయి మీద లేదు.

బడిపంతులు సదయ్యకు ఇది నచ్చేది కాదు.

"అయిదేండ్లు నిండకుండ సదువేంది లింగవ్వా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టున్నది. ఆడుకోనియ్యరాదు."

"ఆడుకుంటనే నేర్సుకుంటరు సారూ. నేనేమన్న మీ తీర్గ బెత్తం పడ్తున్ననా?"

బెత్తం మాట వచ్చిందంటే సదయ్య బడి వైపు నడిచేవాడు. నా మటుకు నాకు ఇద్దరూ మొండిఘటాలే అనిపించేది.

అక్షరాలు రాని మనిషి ఏం నేర్పుతుంది? ఆమెకు వచ్చినవి అంకెలు. అవి కూడా బిల్లల మీద చూసి నేర్చుకున్నవే. బాయిలో దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిల్ల ఒకటి ఉంటుంది. దాన్ని ల్యాంపు రూములో ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుని దిగుతాడు. అక్కడ పనిచేసే అబ్దుల్ రజాక్ ఆ బిల్లను చెక్కబోర్డుకు తగిలిస్తాడు. మనిషి పైకి వచ్చి దీపం అప్పగించాక బిల్ల తిరిగి ఇస్తాడు. బోర్డు మీద బిల్ల ఉంటే మనిషి లోపల ఉన్నట్టు.

లింగవ్వ రోజూ పిల్లల్ని ఆ కిటికీ దగ్గరికి తోలుకుపోయేది. "మీ నాయిన ఏడున్నడో సూడు" అనేది. సరిగ్గా చూపించిన పిల్ల నోట్లో బెల్లం ముక్క పడేది. రజాక్ మొదట విసుక్కున్నాడు, తర్వాత బెల్లం కూడా తనే తేవడం మొదలుపెట్టాడు.

వాళ్లందరిలో గట్టిపిండం సమ్మక్క. సమ్మి అని పిలిచేవారు. మూడేళ్లు నిండలేదు, మాట ఇంకా ముద్దగానే వచ్చేది. తల్లి పూలమ్మ రాళ్లు ఏరేది, తండ్రి బిక్షం లోపల బొగ్గు నింపేవాడు. అతని నంబరు 417. అన్ని బిల్లల మధ్య ఉన్నా ఆ పిల్ల దాన్ని చటుక్కున పట్టేసేది. చుట్టాలొస్తే బిక్షం బిడ్డను భుజానికెక్కించుకుని కిటికీ దాకా వచ్చి మరీ చూపించేవాడు. దిష్టి తగులుతుందని పూలమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేసేది. సదయ్య సారు కూడా ఒకసారి వచ్చి చూసి, ఏమీ అనకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ పూట లింగవ్వ మొహం చూడాల్సిందే.

డెబ్బయ్యో సంవత్సరం వానాకాలంలో బాయి కప్పు కూలి బిక్షం చనిపోయాడు.

సమ్మిని ఆ పొద్దే అమ్మమ్మ ఊరికి పంపేశారు. పీనుగను చూస్తే పిల్ల జడుసుకుంటుందన్నారు. నాయిన ఏడని అడిగినప్పుడల్లా అందరూ ఒకే మాట చెప్పారు, డ్యూటీకి పోయిండని. బాయి మీద బతికేవాళ్లకు నోటికి సులువుగా వచ్చే అబద్ధం అదే. దినాలు అయ్యాక పూలమ్మ మళ్లీ పనిలోకి వచ్చింది. సమ్మి మళ్లీ లింగవ్వ దగ్గరికి వచ్చింది.

లింగవ్వ పిల్లల్ని కిటికీ వైపు తీసుకుపోవడం మానేసింది. కానీ సమ్మికి దారి తెలుసు. రెండో రోజే చెయ్యి విడిపించుకుని ఉరికింది. వెనకే వెళ్లిన లింగవ్వ బోర్డు చూసి నిలబడిపోయింది. 417 అక్కడ వేలాడుతోంది.

"నాయిన లోపలున్నడు!" అని సమ్మి చప్పట్లు కొట్టి, బెల్లం కోసం చెయ్యి చాపింది.

లింగవ్వ ఆ చేతిలో బెల్లం పెట్టింది. ఆ తర్వాత రజాక్ మీద పడింది.

"గా నంబరు గాడెందుకున్నది రజాకన్నా?"

"కొత్తగ గట్టయ్య అనే పోరగాడొచ్చిండు, గాయనకిచ్చిండ్రు. ఖాళీ అయిన నంబరు కొత్తోళ్లకిచ్చుడు ఎప్పటిసంది ఉన్నదే గదా. నేనేం జేస్త లింగవ్వా?"

అతను చెప్పింది నిజమే. ఎల్లేశం నంబరు కూడా అంతకుముందు ఎవరిదో. అది ఎవరిదని లింగవ్వ ఏనాడూ అడగలేదు.

వారం గడవకుండానే, షిఫ్టు దిగే వేళ సమ్మి మళ్లీ తప్పించుకుంది. గట్టయ్య దీపం ఇచ్చి బిల్ల అందుకున్నాడు. సమ్మి అతని చేతిలోంచి దాన్ని లాక్కుంది.

"గిది మా నాయినది. నాయిన ఏడి?"

గట్టయ్య అప్పుడే మీసం మొలుస్తున్నవాడు. గుంజుకోవడానికి మనసొప్పక కింద చతికిలపడ్డాడు. లింగవ్వ బతిమాలింది, పిల్ల పిడికిలి విప్పలేదు. ఇంతలో పూలమ్మ వచ్చింది. బిడ్డనూ గట్టయ్యనూ చూసి, పిల్ల ముందు కూర్చుంది. ఒక్కో వేలూ విప్పి, బిల్ల తీసి గట్టయ్య చేతిలో పెట్టింది.

"లోపలున్నడో లేడో సూసుడు నేర్పినవ్ అవ్వా," అంది లింగవ్వతో. "ఇగ రాడన్నది ఎవలు నేర్పాలె?"

లింగవ్వ జీవితంలో ఎవరికీ జవాబు బాకీ పెట్టని మనిషి. "నేనే నేర్పుత బిడ్డా," అంది.

ఆ ఆదివారం సమ్మిని చంకనేసుకుని ఊరవతల బొందలగడ్డకు, బిక్షాన్ని పూడ్చిన చోటికి నడిచింది. పూలమ్మ వెనకాలే వచ్చి దూరంగా ఆగిపోయింది. వానకు మట్టి కుంగి, నక్కలు తవ్వకుండా పెట్టిన రాళ్లు మాత్రం పైకి తేలి ఉన్నాయి.

"గీడున్నడు మీ నాయిన," అని లింగవ్వ పిల్లను దించింది.

సమ్మి ఆ కుప్ప చుట్టూ తిరిగింది. వంగి ఒక్కో రాయినీ చూసింది.

"నంబరేది?" అంది.

"నంబరు లేదు బిడ్డా. మీ నాయిన సచ్చిపోయిండు. ఇగ పైకి రాడు."

సమ్మి అప్పుడు ఏడ్చింది. తండ్రి పోయాక ఆ పిల్ల ఏడవడం అదే మొదలు. లింగవ్వ ఊరుకోబెట్టలేదు, పక్కన కూర్చుని తనూ ఏడ్చింది.